కోదాడలో కొన్న పల్చటి షూస్, నేను దాచిన ఆరు వారాలు

సూర్యాపేట నుంచి ఒక్క ఆదివారంలో పోయి రాగలిగే నడకల గురించి ఈ బ్లాగులో రాస్తుంటాను. ఈసారి రాస్తున్నది దారి చెప్పడానికి కొంత, తప్పు ఒప్పుకోవడానికి ఎక్కువ. మా పిన్ని కూతురు మౌనిక నేరేడుచర్లలో ఉంటుంది. కానిస్టేబుల్ ఉద్యోగానికి రాత పరీక్ష పాసై, ఈవెంట్స్‌కు తయారవుతోంది. అంటే పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్. పోయినసారి ఎనిమిది వందల మీటర్ల పరుగులో నాలుగంటే నాలుగు సెకన్లు ఎక్కువై ఇంటికి వచ్చేసింది. ఈసారి కూడా పోతే వయసు దాటిపోతుంది, మళ్లీ రాసే వీలుండదు. ఒట్టి కాళ్లతో నడిచినట్టుండే పల్చటి షూస్‌ను పొగుడుతూ నేను రాసింది చదివి, "అక్కా, నాక్కూడ అసుంటియి ఇప్పియ్యవా? ఇంకా ఇరవై రెండు రోజులున్నది" అని ఫోన్ చేసింది. నా రాత చదివి ఒకరు షూస్ కొంటానంటున్నారని ఆ రోజంతా నేను నేల మీద నిలవలేదు.

ఆదివారం పొద్దున ఆరున్నరకు సూర్యాపేట కొత్త బస్టాండులో కోదాడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్ ఉచితం, మగవాళ్లకు వంద రూపాయలు దాటదు. హైవే కాబట్టి గంటలో చేరిపోతారు. మౌనిక నేరేడుచర్ల నుంచి హుజూర్‌నగర్ దాకా షేర్ ఆటోలో, అక్కడి నుంచి బస్సులో నాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, తొమ్మిదికి షాపు తలుపు తీసేసరికి మొదటి బేరం మాదే అయింది. కోదాడలో ఇంజినీరింగు కాలేజీల పిల్లలు ఎక్కువ, వాళ్ల పుణ్యమా అని ఇలాంటి షూస్ అక్కడ దొరుకుతాయి.

షాపాయన పెద్దమనిషి, పని తెలిసినవాడు. కింద న్యూస్ పేపర్ పరిచి మౌనికను దాని మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్నుతో గీత గీశాడు. షూ లోపలి అట్ట బయటికి తీసి ఆ గీత మీద పెట్టి, చిటికెన వేలు అట్ట దాటుతోందా అని చూశాడు. మొదటి జతలో దాటింది, పక్కన పెట్టేశాడు. రెండో జతలో వేళ్లు విచ్చుకుని హాయిగా పడ్డాయి, బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ మిగిలింది. మడమ, వేళ్లు ఒకే ఎత్తులో ఉన్నాయి. అడుగు భాగాన్ని చపాతీలా చుట్టి చూపించాడు. రాళ్ల మీద జారకుండా కింద చిన్న చిన్న పళ్లున్నాయి. రెండు వేల ఆరు వందలు. ఇలాంటివి ఎంచుకునేటప్పుడు మీరూ ఇవన్నీ చూడండి, ఆయన చూపించిన దాంట్లో ఒక్క తప్పు లేదు.

బిల్లు రాస్తూ ఆయన అన్నాడు, "మేడమ్, ఒక్క మాట. ఇవి వేసుకుని వెంటనే పరిగెత్తొద్దు. ముందు రోజుకి పది నిమిషాలు ఇంట్లో నడవాలి. పరుగు సంగతి రెండు మూడు నెలల తర్వాతే. మా దగ్గర కొన్న కాలేజీ పిల్లలు కొందరు పిక్కలు పట్టేసి కుంటుకుంటూ వచ్చారు."

మౌనిక నా మొహం చూసింది. "నీకు గిట్లనే అయ్యిందా అక్కా?"

"నాకేం గాలే" అన్నాను. "మనం నాట్లేసేటప్పుడు పొలాలల్ల ఒట్టికాళ్లతోటి తిరిగినోళ్లమే గద. మనకేమైతది!"

పచ్చి అబద్ధం. మొదటి ఆరు వారాలు పిక్కలు రాళ్లైపోయి, నేను పాఠాలు చెప్పే స్కూల్లో మెట్లు దిగాలంటే రెయిలింగు పట్టుకుని పక్కకు తిరిగి దిగేదాన్ని. పిల్లలు నవ్వితే మోకాలి నొప్పని చెప్పాను. బ్లాగులో మాత్రం మొదటి రోజే గాలిలో తేలినట్టుందని రాసేశాను. నొప్పి గురించి రాస్తే ఎవరు చదువుతారని నా తెలివి. పైగా చిన్నప్పుడు బురదలో తిరిగిన కాళ్లకు కొత్తగా నేర్పేదేముందని నిజంగానే అనుకున్నాను. ఆ బురద వదిలి మేమిద్దరం పదిహేనేళ్లుగా మెత్తటి చెప్పుల్లోనే నడుస్తున్నామని తోచలేదు.

అక్కడి నుంచి సూర్యాపేట వైపు వెనక్కి వచ్చి, ఉండ్రుగొండ గుట్టకు పోయే దారి దగ్గర హైవే మీద దిగాం. రానూ పోనూ మూడు వందలకు ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు యాదగిరి మౌనిక కాళ్లకేసి చూసి, "అవి ఎంతకు దెచ్చిన్రు?" అని అడిగాడు. ధర చెప్పగానే బ్రేకు వేసినంత పని చేశాడు. "ఒట్టికాళ్లతోటి నడిచినట్టుంటదని గన్ని పైసలా? నన్నడిగితే ఫుకట్ల చెప్పులిప్పేసి ఉరకమందును గద!"

ముగ్గురం నవ్వుకున్నాం. పదకొండుకు ఎక్కడం మొదలుపెట్టాం. పొదల మధ్య కాలిబాట, మధ్యలో పాత కోట గోడలు, పైకి పోయేకొద్దీ గాలి. తీరిగ్గా ఎక్కితే గంట పడుతుంది. చలికాలంలో పొండి, నీళ్లు మనిషికి రెండు లీటర్లు తీసుకోండి. మౌనిక మేకపిల్లలా ఎక్కేసింది. దిగేటప్పుడు నేనే ఉసిగొల్పాను, "ఉరికి సూడు, నీకే తెలుస్తది" అని. ఉరికింది. సగం దారిలో ఒక బండ మీద కూర్చుని పాదం పైభాగాన్ని వేళ్లతో నొక్కుకుంటోంది.

"అక్కా, వేళ్ల ఎనక ఏందో గుంజుతున్నది."

"కొత్తల గట్లనే అనిపిస్తది. రేపు గూడ ఆపకు."

మౌనిక ఆపలేదు. నేను చెప్పాను కాబట్టి పన్నెండు రోజులు పొద్దున్నే గ్రౌండుకు పోయి వాటితోనే ఉరికింది. పదమూడో రోజు మంచం దిగితే కాలు మోపలేకపోయింది. పిన్ని ఫోన్ చేస్తే నేను సూర్యాపేట నుంచి, వాళ్లు నేరేడుచర్ల నుంచి మిర్యాలగూడకు పోయాం. ఆ బస్సులో గంటంపావు ప్రయాణం, దారిలో ఏం కనిపించిందో నాకు గుర్తు లేదు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూపించాడు. వేళ్ల వెనక ఎముక వెంట్రుకంత సన్నగా పగిలింది. "ఆరు వారాలు ఆ కాలుకు రెస్ట్ ఇయ్యాలె" అన్నాడు. ఈవెంట్స్‌కు తొమ్మిది రోజులున్నాయి.

పిన్ని మందులు తేవడానికి పోయింది. బయట బెంచీ మీద మౌనిక, నేను మిగిలాం.

"అక్కా, నిజం చెప్పు. నీకు మొదట్ల నొప్పి లేవలేదా?"

"లేసింది."

"ఎన్ని దినాలు?"

"ఆరు వారాలు."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఎక్స్‌రే కవరు ఒళ్లో సర్దుకుని, "కోదాడల అడిగిన గద అక్కా" అంది, అంతే.

ఆ షూస్ చెడ్డవని నేను అనడం లేదు, నేను ఇప్పటికీ వేసుకుంటున్నాను. వాటికి కావలసింది మూడు నెలల ఓపిక. నేను మౌనికను మొదటి రోజే ఉరికించాను. మీకు చెప్పేది ఒకటే: పరీక్షో పోటీయో దగ్గర పెట్టుకుని ఈ రకం షూస్‌కు మారకండి, అది అయిపోయాక రోజుకు పది నిమిషాల నడకతో మొదలుపెట్టండి, పాదం పైన నొప్పి మొదలైతే ఆ రోజే ఆపేయండి.

మౌనిక కాలు నయమైంది. ఇప్పుడు నేరేడుచర్లలోనే ఒక రైస్ మిల్లులో కంప్యూటర్ ముందు కూర్చుంటోంది. పోయిన ఆదివారం వెళ్తే చాయ్ పెట్టింది, నవ్వుతూనే మాట్లాడింది. ఇంతకుముందు ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలన్న దగ్గర నుంచి చుట్టాల పెళ్లికి ఏ రంగు చీర కట్టుకోవాలన్న దాకా అన్నీ నన్నే అడిగేది. ఉన్న రెండు గంటల్లో తను కొత్త ఫోన్ కొన్నానని చెప్పింది, కంప్యూటర్ కోర్సులో చేరానని చెప్పింది. రెండూ నన్ను అడగకుండానే అయిపోయాయి.