సమ్మయ్య సార్ పెట్టెలో ఎనభై మూడు కార్డులు

సమ్మయ్య సార్ లేరట.

నిన్న పొద్దున మా తమ్ముడు ఫోన్ చేశాడు. "లైబ్రరీ సార్ పోయిండక్కా. హసన్‌పర్తిల, బిడ్డ ఇంట్ల." స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా కదలకుండా నిలబడ్డాను.

ఏడుపు రావాలి కదా. కోపం వచ్చింది.

అప్పటికే మా వాడ వాట్సాప్ గ్రూపు నిండా దండాలు. "గొప్ప మనిషి." "మన వాడకు దేవుడు." ఎవరు పెట్టారో పేర్లు చూశాను. ఒళ్లు మండింది. ఆయన్ను వాడ నుంచి సాగనంపిన వాళ్లే, లేకపోతే వాళ్ల కొడుకులు!

తెలియని వాళ్లకు చెబుతున్నాను, వినండి.

ఎనభైల్లో, వరంగల్‌లోని మా పవర్‌లూమ్‌ల వాడలో ఒక్క గది లైబ్రరీ ఉండేది. సమ్మయ్య సార్ దాని లైబ్రేరియన్. ఆయన బల్ల మీద ముప్పై అరల చెక్కపెట్టె. మనిషికి ఒకటే కార్డు. మనం వచ్చిన రోజు మన కార్డు ఆ రోజు అరలోకి మారుతుంది. మర్నాడు ఆయన పక్క అరకు జరుగుతారు. అందులో ముప్పై రోజుల కింద వచ్చి, మళ్లీ రాని వాళ్ల కార్డులు మిగిలి ఉంటాయి. వాటిని బయటికి తీస్తారు.

అంతే. పెట్టెలో ఎన్ని కార్డులుంటే గత ముప్పై రోజుల్లో అంతమంది మనుషులు వచ్చినట్టు. ఏ రోజు అడిగినా లెక్క రెడీ.

ఇప్పుడు మా ఆఫీసులో కంప్యూటర్ మీద నేను చేసే పని కూడా ఇదే. ఈ నెల రోజుల్లో మన యాప్ వాడిన వాళ్లు ఎందరు? కొత్త పిల్లలు రోజువారీ అంకెలన్నీ కూడేసి తెస్తారు. ఒకే మనిషిని ముప్పై సార్లు లెక్కపెట్టి, చూడండి మేడమ్ ఎంత పెరిగిందో అంటారు. నేను అరుస్తాను. నాకు కోపం ఎక్కువని చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

సార్ బయటికి తీసిన కార్డులను కట్టగట్టి మూల పడేసేవారు కాదు. సైకిలేసుకుని ఆ ఇళ్లకు వెళ్లేవారు.

పదో తరగతిలో మా బాపు నన్ను లైబ్రరీ మాన్పించాడు. మగవాళ్ల మధ్య కూర్చోవడం ఏంటని. నెల తిరగగానే సార్ మా గుమ్మంలో ఉన్నారు.

"బిడ్డా, నీ కార్డు బయటికొచ్చింది. పానం మంచిగున్నదా?"

సంగతి తెలిసి బాపుతో గంటసేపు మాట్లాడారు. మర్నాటి నుంచి కిటికీ పక్కన ఆడపిల్లలకు వేరే బల్ల. నేను పది పాసయ్యానంటే ఆ బల్ల వల్లనే. ఇంట్లో మగ్గం చప్పుడులో ఏం చదువుతాం?

పాసైన ఏడాదే పైనుంచి కాగితం వచ్చింది. నెలకు అరవై మంది పాఠకులు లేని లైబ్రరీలను మూసి, సుబేదారిలో పెద్ద దాంట్లో కలిపేస్తారట. తనిఖీకి ఒక ఆఫీసర్ వచ్చాడు. ఎప్పుడు? నెలలో ఐదో తారీఖున!

మా వాళ్లు లైబ్రరీకి వచ్చేదే కరెంటు కోత ఉన్న రోజు. మగ్గం ఆగితేనే పేపరు. ఆ ఐదు రోజులూ కరెంటు పోలేదు. వచ్చింది పందొమ్మిది మంది.

సార్ పెట్టె ముందు పెట్టారు. "ఇయ్యాల్టి నుంచి ఎనక్కి ముప్పై రోజులు జూడున్రి సార్. ఎనభై మూడు మంది."

"ఫారంలో ప్రస్తుత నెల అని ఉందయ్యా. పోయిన నెల నాకెందుకు?"

ఒకటో తారీఖు రాగానే మనుషులు మాయమవుతారా? ఆ పెద్దమనిషికి ఆ మాత్రం తట్టలేదు. పైగా ఒక ఉపాయం చెప్పాడు. రిజిస్టర్‌లో ఐదు రోజుల సంతకాలు డెబ్బై ఉన్నాయి, అదే పాఠకుల సంఖ్య అని రాసేద్దామని.

సార్ ఒప్పుకోలేదు. "కొమురయ్య ఐదు దినాలొచ్చిండని ఐదుగురు కొమురయ్యలైతరా? అసలు లెక్కనే అరవై దాటుతాంటే అబద్ధమెందుకు రాయాలె?"

ఆఫీసర్ పందొమ్మిది అని రాసుకుని జీపెక్కాడు. రెండు వారాల్లో తాళం పడింది.

మా వాడకు కోపం ఎవరి మీద రావాలి? సార్ మీద వచ్చింది! "జర డెబ్బై అని రాస్తే ఏం పోయేది? పంతానికి పోయి లైబ్రరీ పోగొట్టిండు" అన్నారు. ఆయన్ను సుబేదారిలో కూడా ఉంచొద్దని, దూరం బదిలీ చేయాలని పెద్దలు అర్జీ పెట్టారు. మా బాపు కూడా సంతకం చేశాడు.

ఇంతసేపు వాళ్లనూ వీళ్లనూ తిట్టాను కదా. ఇప్పుడు నా సంగతి.

ఆ అర్జీ రాసింది నేను. వాడలో నా దస్తూరి బాగుంటుందని బాపు రాయమంటే, నోరెత్తకుండా కూర్చుని రాశాను. ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కుదిరిన దస్తూరితోనే.

సార్‌ను తొర్రూరు వేశారు. వెళ్లే రోజు మా ఇంటి ముందు సైకిల్ ఆపారు. ఆఫీసు వాళ్లు ఆయనకు ఆ అర్జీ చూపించారట.

"రాత మంచిగ కుదిరింది బిడ్డా. సదువు మాత్రం ఇడ్సిపెట్టకు."

ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది. నలభై ఏళ్లు వరంగల్ నుంచి తొర్రూరుకు గానీ, తర్వాత హసన్‌పర్తికి గానీ బస్సు దొరకనట్టు ఉండిపోయాను. క్షమించమని అడగలేదు.

వెళ్లి రండి సార్. తప్పు మీది కాదు, మాది.

మీకు శాంతి దొరకాలి. మాకు అప్పుడే దొరకొద్దు.