రివ్యూ చేసింది ఇమ్మానుయేల్

వనపర్తిలో ఇంట్లో కూర్చుని ఇమ్మానుయేల్ చేసే పనేమిటో అతని భార్య సరితకు కూడా పూర్తిగా తెలియదు. ఎవరైనా అడిగితే "కంప్యూటర్ల తప్పులు దేవులాడ్తడు" అని చెప్పేది. ఆ మాట ఇమ్మానుయేల్‌కు నచ్చేది కాదు. కానీ అంతకంటే మంచి మాట అతనికీ దొరకలేదు.

జీతం హైదరాబాద్ కంపెనీ ఇచ్చేది. గర్వం మాత్రం జీతం లేని ఇంకో పని ఇచ్చేది. కొత్త డిస్కును వాడకానికి సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఖాళీ గోదాములో సామాను దించే ముందు అరలు కట్టినట్టు, డిస్కు మీద ఫైళ్లు ఎక్కడెక్కడ ఉండాలో అది ఏర్పాటు చేసిపెడుతుంది. దేశదేశాల వాళ్లు కలిసి ఉచితంగా రాసే ఆ సాఫ్ట్‌వేర్‌లో ఆప్షన్ల భాగాన్ని ఇమ్మానుయేల్ చూసేవాడు. ఆప్షన్లంటే మనం దానికి పెట్టే షరతులు. అరలు ఇంత పెద్దవి కట్టు, డిస్కుకు ఈ పేరు పెట్టు, ఏమీ రాయకుండా ఏం చేయబోతున్నావో ఉత్తగా చూపించు, ఇలాంటివి. అక్కడ ఎవరు ఏ మార్పు చేసినా ఇమ్మానుయేల్ రివ్యూ చేసి, అంటే చదివి తప్పులు పట్టి, కింద 'రివ్యూ చేసింది' అని తన పేరు పెడితేనే అది లోపలికి పోయేది.

వనపర్తి దగ్గరి పెద్దమందడిలో, మట్టిపని కోసం ఊళ్లు పట్టుకు తిరిగిన తల్లిదండ్రులకు పుట్టి, జర్మనీ వాళ్లతో, జపాన్ వాళ్లతో "ఇది మళ్లీ రాసి పంపండి" అనగలిగే స్థితికి వచ్చాడు. ఆ సుఖం అందరికీ దొరికేది కాదు. అతను దాన్ని పొదుపుగా వాడుకోలేదు. వాక్యం చివర చుక్క లేదని వెనక్కి పంపేవాడు. వరసలో ఒక ఖాళీ ఎక్కువైందని మళ్లీ పంపేవాడు. పోలండ్ కుర్రవాడొకడు విసిగిపోయి ప్రాజెక్టే వదిలేస్తే, నాణ్యత నిలబడిందని సంతోషించాడు.

గద్వాలలో ఒక పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబ్ చూసే శైలజ, అక్కడికొచ్చి ఇతనిచ్చిన ఉపన్యాసం విని ఆ ప్రాజెక్టులో చేరింది. తెలివీ ఉంది, నోరూ ఉంది. ఆప్షన్లను చదివే కోడంతా ఒకదాని వెనక ఒకటి ముడులు పడి ఉందని, దాన్ని విప్పి ఒక్క పట్టికగా మార్చేసింది. పంపేముందు ఇమ్మానుయేల్‌కు ఫోన్ చేసి, పాత కోడు మస్తు గలీజుగా ఉందని, ఎవరు రాశారో గాని దండం పెట్టాలని చెప్పింది. రాసింది ఇమ్మానుయేలే. ఆ సంగతి అతను చెప్పలేదు. రివ్యూలో చూద్దామన్నాడు.

చూశాడు. పట్టికలో నిలువు వరసలు సమంగా లేవన్నాడు. సహాయ వాక్యాల్లో కొన్నిటికి చుక్క ఉంది, కొన్నిటికి లేదన్నాడు. ఉత్తగా చూపించే ఆప్షన్‌కు శైలజ కోడు లోపల పెట్టుకున్న పేరు మీద వారాల తరబడి వాదన నడిచింది. చివరికి ఇమ్మానుయేల్ చెప్పిన పేరే నిలిచింది. ఆ సాయంత్రం అతను బజ్జీలు తెప్పించుకుని తిన్నాడు. సరిత ఏమిటి సంగతని అడిగితే, చెప్పినా అర్థం కాదన్నాడు.

విసిగిపోయిన శైలజ ఒక్కటే అడిగింది. "సార్, దీన్ని ఒక్కసారన్న నడిపించి చూసిన్రా?"

"నడిపిచ్చుడు నీ పని. చదువుడు నా పని" అని, ఇమ్మానుయేల్ కింద తన పేరు పెట్టాడు.

ఆ మధ్యనే పెద్దమందడిలో వాళ్ల చర్చికి యాభై ఏళ్లు నిండిన పండుగ జరిగింది. విజయమ్మ బృందం పాటలు పాడింది. తొలినాడు ఆ గోడలకు రాళ్లు మోసిన యోసేపు తాత ముందుకొచ్చి, దేవుడు తనకు చేసిన మేళ్ల గురించి సాక్ష్యం చెప్పాడు. పాస్టర్ ఏసురత్నం ఇమ్మానుయేల్‌ను పిలిచి శాలువా కప్పి, మన ఊరి శాస్త్రవేత్త అని పరిచయం చేశాడు. ఇమ్మానుయేల్ సరిదిద్దలేదు. ఊళ్లో వాళ్లకు తేడా చెప్పడం కష్టమనుకున్నాడు.

వీడియో తీసినతను అంతా కూర్చి ఒక చిన్న డిస్కులో ఇచ్చి, తన కెమెరా కార్డులు ఎవరిదో పెళ్లికి కావాలని తుడిచేసుకున్నాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కలిసి చూడాలని తెర కట్టారు. ఇమ్మానుయేల్ లాప్‌టాప్ తెచ్చి డిస్కు తగిలించాడు. చాయ్ ఇంకా కాలేదు, జనం కుర్చీలు సర్దుకుంటున్నారు. ఈలోగా చర్చి పెద్ద దేవరాజు, నువ్వు చేసే పనేందో మాకూ జర చూపియ్యరాదా అని అడిగాడు.

ఇన్నేళ్లలో చూపించమని అడిగినవాడు అతనొక్కడే. ఇమ్మానుయేల్ లేచి నిలబడ్డాడు. డిస్కును కొత్తగా ఎట్లా తయారుచేస్తారో ఇప్పుడే ఈ తెర మీద చూపిస్తానన్నాడు.

సరిత పక్కకొచ్చి మెల్లగా అంది. "వేరే డిస్కు లేదా? దాన్ల వీడియో ఉన్నది గద."

"ఇది ఉత్తగ చూపిస్తది, ఏం రాయది. ఆ ఆప్షన్ రివ్యూ చేసింది నేనే."

ఆప్షన్ కొట్టాడు. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: ఈ డిస్కులో ఫైళ్లున్నాయి, ముందుకు పోవాలా? ఉత్తగా చూపించేటప్పుడు ఆ ప్రశ్న రానే కూడదు. లోకంలో ఆ సంగతి ఇమ్మానుయేల్‌కంటే బాగా తెలిసినవాళ్లు పది మంది కూడా ఉండరు. కానీ అతను జనం వైపు తిరిగి అరల గురించి, గోదాము గురించి వివరిస్తున్నాడు. ఎదుటివాళ్ల కామాలు వెతికి పట్టుకునే కళ్లు ఆ ఒక్క వరస మీద పడలేదు. వేలు దానంతటదే అవునని నొక్కింది. తెర మీద అక్షరాలు గబగబా కిందికి జారాయి. జనం చప్పట్లు కొట్టారు. ఇమ్మానుయేల్ తల వంచి నమస్కారం చేశాడు.

ఆ తర్వాత వీడియో పెడదామని చూస్తే డిస్కు శుభ్రంగా ఉంది.

అది కొత్త రకం డిస్కు. పని మొదలుపెట్టే ముందే లోపలున్నదంతా వదిలించుకోమని ఆ సాఫ్ట్‌వేర్ దానికి చెబుతుంది, అదీ మాట వింటుంది. వారమంతా ఇమ్మానుయేల్ తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాడు. ఒక్క పాట ముక్క కూడా బయటికి రాలేదు. అన్నం సరిగా తినలేదు. ఫోన్ మోగితే పాస్టరేమోనని ఉలిక్కిపడ్డాడు.

ఆ ఉక్రోషమంతా ప్రాజెక్టు మీద పడింది. ఇంత ఘోరమైన తప్పును లోపలికి ఎవరు రానిచ్చారని నిలదీస్తూ పెద్ద ఉత్తరం రాశాడు. చుక్కలు, కామాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. ప్రాజెక్టు నడిపే పెద్దాయన ఒక్క వాక్యంలో జవాబిచ్చాడు: ఆ మార్పు కింద ఉన్న పేరు చూడగలరు.

శైలజ ఫోన్ చేసింది. తప్పు తనదేనని దాచకుండా చెప్పింది. మనిషి ఇచ్చిన ఆప్షన్లను మొదట చదివి, మనిషి ఏమీ చెప్పనప్పుడు వాడే మామూలు విలువల ఫైలును తర్వాత చదివేలా రాసింది. దాంతో మనిషి చెప్పినదాన్ని ఆ ఫైలు తుడిచేసింది. ఉత్తగా చూపించమన్న మాట కూడా అందులోనే కొట్టుకుపోయింది.

"ముందుది ఎనక, ఎనకది ముందు పెట్టిన సార్. తప్పు నాది. మరి మీరు గన్ని దినాలు ఏం చదివిన్రు?"

ఇమ్మానుయేల్ తర్వాత చూస్తానని ఫోన్ పెట్టేశాడు. తన రివ్యూ తీసి మొదటి నుంచీ చదువుకున్నాడు. పట్టిన తప్పులన్నీ నిజమైనవే. ఒక్క చుక్కను కూడా అన్యాయంగా అడగలేదు. శైలజ వెనకా ముందూ చేసిన ఆ రెండు వరసల పక్కన మాత్రం, ఒక ఖాళీ ఎక్కువైందని రాసి ఉంది.   

పాస్టర్ తిట్టలేదు. అందరినీ పిలిచి మళ్లీ తీద్దామన్నాడు. విజయమ్మ బృందం ఆనాటి చీరలే ఇస్త్రీ చేయించి కట్టుకొచ్చింది. యోసేపు తాత ఇంటికి ఇమ్మానుయేలే పోయి, ఆ రోజు చెప్పిందే మళ్లీ చెప్పమని బతిమాలాడు.

"ఆ దినం ఏం చెప్పిననో నాకే యాది లేదు బిడ్డా" అన్నాడు తాత. "దేవుడు ఇయ్యాల ఏం చెప్పిస్తే గదే చెప్త."

దేవుడు ఆ రోజు చాలా చెప్పించాడు. చర్చి కప్పు కురుస్తున్న సంగతి, పాస్టర్ ఎవరెవరి ఇళ్లకు ప్రార్థనకు రావడం మానేశాడో పేర్లతో సహా, అన్నీ వీడియోలోకి ఎక్కాయి. శాలువా కప్పే ఘట్టం వచ్చేసరికి పొద్దు వాలిందని, వెలుతురు చాలదని పాస్టర్ అన్నాడు. కెమెరా వెనక కరెంటు తీగ కాలికి తట్టకుండా పట్టుకుని నిలబడ్డ ఇమ్మానుయేల్, నిజమే, చాలదన్నాడు.

కోడు సరిదిద్దే పని తానే చేస్తానని శైలజ దగ్గర తీసుకున్నాడు. ఆ రెండు వరసలను మళ్లీ అటుదిటు మార్చి పంపాడు. ఆమె వెనక్కి పంపింది. నడిపించి చూసినట్టు రుజువు కావాలంది. అటకమీది పాత డిస్కు దులిపి, నడిపించి, వచ్చినదంతా జతచేసి పంపితే అప్పుడు ఒప్పుకుంది. ఈసారి కింద 'రివ్యూ చేసింది' అన్నచోట పేరు శైలజది. ఆమె చాలా కఠినంగా ఉందని ఇమ్మానుయేల్ సరితతో ఫిర్యాదు చేశాడు.

కొత్త వీడియో వచ్చాక ఇంటింటికీ కాపీలు చేయాల్సి వచ్చింది. పాస్టర్ డిస్కును ఇమ్మానుయేల్‌కు కాకుండా సరిత చేతికిచ్చాడు. ఆమె దాన్ని బ్యాగులో వేసుకుని, వనపర్తి బస్టాండ్ దగ్గర సెల్ ఫోన్లు బాగుచేసే ఉవైస్ దుకాణానికి తీసుకెళ్లింది. ఇంట్లో సార్ ఉండగా నా దగ్గరికెందుకు తెచ్చిన్రక్కా అని ఉవైస్ అడిగాడు.

"సార్ పెద్ద పనులల్ల ఉన్నడు" అంది సరిత. "నువ్వు చెయ్యి."