సింహళం రేవులో అడగని మాట

పదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మొదట్లో బరువుగా ఉండేది. ఇప్పుడు అదీ తెలియడం లేదు. అందుకే మీకు చెబుతున్నాను, మీరెవరో నాకు తెలియకపోయినా.

అరవైల చివర్లో తెనాలి నుంచి ఒక యాత్రా బస్సు బయలుదేరింది. అరవదేశం, మలయాళదేశం చూపించి, రామేశ్వరంలో చిన్న ఓడ ఎక్కించి సింహళం తీసుకెళ్తామన్నారు. మా వీధి ఆడవాళ్లం ఎనిమిది మందిమి పేర్లిచ్చాం.

ఆ సంగతి కోటమ్మకు తెలిసింది. రేపల్లె ప్యాసింజర్లో గంపతో వచ్చి మా వీధిలో చేపలమ్మేది ఆమె. అంతకు ముందటేడు గాలివానకు ఆమె మొగుడి పడవ తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. అలా కొట్టుకుపోయినవాళ్లు కొందరు సింహళం ఒడ్డున బతికే ఉన్నారని వాళ్ల పల్లెలో ఎవరో అన్నారట. అక్కడి రేవుల్లో అడగమని నన్ను కోరింది. అతని కుడిచేతి మీద తన పేరు పచ్చబొట్టు ఉంటుందని గుర్తు చెప్పింది. వాళ్లలో, వెతికినవాళ్లెవరైనా వచ్చి "లేడు" అనేదాకా ఆడదాని గాజులు తియ్యరు. ఆ ఆచారం నాకు తెలుసు. తెలిసే సరేనన్నాను.

ఓడ ఊగుడుకు చచ్చే చావయింది. దిగిన రేవులో ఎదురుగానే జాలరి గుడిసెలు. మగవాళ్లు వలలు ఆరేస్తున్నారు. అక్కడ మమ్మల్ని తిప్పే బస్సు కదలడానికి గంట టైముందన్నారు. నేను మర్చిపోలేదు. మర్చిపోయానని చెప్పుకుంటే తేలిగ్గానే ఉండును, కానీ పక్కనున్న మావాళ్లు "చేపలదాని మొగుణ్ణి వెతకడానికొచ్చావా" అని నవ్వుతారని సిగ్గుపడ్డాను. భాష రాదుగా అని ఒక సాకు. తర్వాతి రేవులో అడుగుదాంలే అని ఇంకో సాకు. ఆ తర్వాత ఎన్ని రేవులు చూశామో! ఎక్కడా ఒక్క మనిషినీ అడగలేదు. అక్కడి అంగట్లో దువ్వెన బేరమాడటానికి మాత్రం భాష అడ్డు రాలేదు.

తిరిగొచ్చిన మూడో రోజున కోటమ్మ మా గుమ్మంలో గంప దించింది.

"అక్కయ్యగారండీ, అడిగారాండీ?"

"రేవురేవునా అడిగాను కోటమ్మా. లేడు."

"పచ్చబొట్టు సంగతి సెప్పారాండీ?"

"చెప్పాను."

గంప మీద గుడ్డ సర్దింది. "మీలాంటోళ్లు అబద్దం సెప్పరు కదండీ. ఇంక లేనట్టే," అంది. ఆ రోజు చేపలు ఊరికే ఇవ్వబోయింది.

"లేడు" అని ఎందుకన్నాను? "కనపడలేదు" అన్నా సరిపోయేది కదా? అడగలేదని ఒప్పుకోవడానికి మొహం చెల్లక ఒక మనిషిని చంపేశానా?

పల్లె పెద్దలు నా మాట మీదే శవానికి బదులు గడ్డిబొమ్మ చేసి దహనం చేశారు. ఆమె గాజులు తీశారు. ఏడాది తిరక్కుండా బాపట్ల అవతల, సూర్యలంకలో పెళ్లాం పోయినవాడికి మారుమనువిచ్చారు. ఆమెకు ఇష్టం లేదట. మొగుడు లేడని తేలాక ఇంకేం చెప్పి ఆపుతుంది?

మొన్నామధ్య బాపట్ల బస్టాండులో కనిపించింది. చిక్కిపోయింది. నన్ను చూసి వంగి కాళ్లకు దణ్ణం పెట్టింది. నిలబడి పెట్టించుకున్నాను. ఏమీ అనిపించలేదు. అనిపించకపోవడం ఏంటి? ఆ రోజూ నోరు విప్పలేదు. ఇప్పుడు చెబితే ఆమె కాపురం ఏమైపోతుందో అనుకున్నాను. ఇదీ సాకేనేమో.

అతను ఉన్నాడో లేడో నాకు తెలియదు. నేను అడగలేదు. ఇంతకాలానికి ఈ ఒక్క మాట రాయగలిగాను. నేను అడగలేదు.