పెడల్ మీది గాట్లు

సూర్యాపేట మెకానిక్ మత్తయ్య దొర కారుకు చేతిబ్రేకు వేసి, టాప్ గేరులో పెట్టి, క్లచ్ వదిలాడు. ఇంజను ఆగిపోవాలి. ఆగలేదు, రొద పెడుతూ కాలిన కంపు కొట్టింది. క్లచ్ జారుతోంది.

"డ్రైవర్ ఈదిగాడు క్లచ్ పెడల్ మీంచి కాలు తియ్యడు. ఇయ్యాల్నే ఎల్లగొడుత," అన్నాడు దొర. రైతుల పోరాటానికి జడిసి పారిపోయి, పోలీసు యాక్షన్ తర్వాత పల్లెకు తిరిగొచ్చిన ఈ దొర సరదా పుట్టినప్పుడల్లా తానే కారు నడుపుతాడు. ఈదయ్య చేతులు కట్టుకుని కారు పక్కనే నిలబడ్డాడు.

మత్తయ్య పెడల్‌కు వేలెడు వదులు వచ్చేలా కడ్డీ సర్దాడు. పెడల్ రబ్బరు నిండా చెప్పుల మేకుల గాట్లు కనిపించాయి. దొర ముందు చెప్పులు తొడగకూడదు గనక ఈదయ్యవి ఎప్పుడూ వట్టికాళ్లే.

"దొరా, ఈదయ్య కాళ్లకు మేకులెక్కడియి? జర మీ చెప్పులు సూసుకోండ్రి."

దొర చూసుకున్నాడు. వాటిని విప్పి ఈదయ్య వైపు తన్నాడు.

"రేపటి సంది ఇవేసుకొనే నడుపురా. మల్ల క్లచ్ పోతే, గాట్లు ఎవలియని ఈ మత్తయ్య నన్నడగడు."

కొలువు దక్కిందని ఈదయ్య ఆ చెప్పులను కళ్లకద్దుకున్నాడు.  మత్తయ్య పానా విసిరికొట్టి, చేతులు కడుక్కోవడానికి పోయాడు.