గిద్దలో తగ్గిన పన్ను

మా పక్కింటి అయివారు మొన్న పోయారు. కబురు తెచ్చినవాడు, "నీకు పెద్ద దిక్కు పోయినట్టే మామా" అని నన్ను ఓదార్చాడు కూడా. నలభై ఏళ్లుగా ఆ మనిషిని చూసి నేను కుళ్లుకున్న సంగతి వాడికి తెలియదు.

జమ్మలమడుగులో నాది నూనె అంగడి. ఆయన మిషన్ బడిలో పాఠాలు చెప్పేవారు. సాయంత్రమైతే నా బెంచీ మీద కూర్చుని, నా పేపరే చదివి, నా గిరాకీలకే లోకం సంగతులు చెప్పేవారు. నేనూ చదివినవాడినే. పొట్లాలు కట్టే కాగితం ఏదీ చదవకుండా చింపలేదు. అందుకే నాకు ఏ విషయమైనా సగమే తెలుసు.

ఫ్యాక్షన్ రోజుల్లో, ఎన్నికల ముందు, నూనె మీద అమ్మకం పన్ను తగ్గించారు. ఊరంతా మెచ్చుకుంది. అయివారు మెచ్చుకోలేదు. ఆ మాట పార్టీవాళ్లకు మోసినవాళ్లెవరో మోశారు. మరునాడు అయివారు బెంచీ మీదుండగా అంగడి ముందు జీపు ఆగి, నాయకుడి మనిషి దిగాడు.

"ఏంది సారూ, మా అన్న పన్ను తగ్గిస్తే తప్పంటాండావంట?"

"తప్పన్లేదప్పా. మీ అన్న ఇంటికి నెలకెన్ని డబ్బాల నూనె?"

"నాలుగు."

నా అంగట్లో అన్నిటికన్నా చిన్న కొలత గిద్ద. అయివారు ఆ గిద్దెడు నూనెకు సీసాతో వచ్చిన కూలిమనిషి మారెమ్మను చూపించారు. "మీకు నాలుగు డబ్బాలంత తగ్గె. ఈయమ్మకు గిద్దంత తగ్గె. ఆ పన్ను వచ్చింటే ఆస్పత్రికి మందులొచ్చేవి. మందుల్లేకుంటే మీరు జీపెక్కి కర్నూలు పోతారు. ఈయమ్మ యాడికి పోవాల?"

ఇంతకన్నా చిన్న మాటలకు చేతులు తెగిన కాలమది. జీపు మనిషి నా వైపు తిరిగాడు. "సార్‌ను బెంచీ మీద కూసోబెడ్తావేందప్పా? కుర్చీ ఎయ్యి."

రెండు పార్టీలకూ చందాలిచ్చినవాణ్ణి. నాకెవరూ కుర్చీ వెయ్యమనలేదు.

జీపు పోయాక ఆయన మెల్లగా అన్నారు: "మారెమ్మకు ఆ గిద్దంత కూడా అందలా గదా?"

నిజమే. డబ్బాలవాళ్లు అడుగుతారని వాళ్లకు తగ్గించాను. గిద్దలో తగ్గేదానికి చిల్లర లేదని ఊరుకున్నాను. అది జీపువాళ్ల ముందు అనకుండా నా పరువు కాపాడారాయన. "చిల్లర లేకుంటే పోనీలే. గిద్ద పొంగేటట్టు పొయ్యి" అన్నారు.

పోయలేదు. పోస్తే, అయివారు పోయించాడంటుంది ఊరు.

మొన్న సమాధి దగ్గర నుంచి వచ్చి అంగడి తీశాను. మారెమ్మ కోడలు సీసా తెచ్చింది. గిద్ద నిండినా నేను చెయ్యి ఆపలేదు. నూనె అంచు దాటి, నా వేళ్ల మీదుగా గరాటులోకి జారింది.

"ఏంది మామా, చెయ్యి వణుకుతాందా?"

"వయసమ్మా" అన్నాను. ఈ ఒక్క పేరైనా ఆయనకు పోకుండా ఉండాలని.

తలెత్తితే ఎదురుగా ఆనాడు ఆయనకు వేసిన కుర్చీ. అంగడి నాది, కుర్చీ నాది. ఇంతవరకూ దాంట్లో కూర్చోలేకపోయాను.