సిద్ధమ్మ పచ్చ బొత్తాం

నాలుగో తరగతి చదువుతోనే రెండుసార్లు వార్డు మెంబరైన మునస్వామికి ఇంకో ఘనత కూడా ఉంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ముందు కాయల ట్రాక్టర్లకు వరుస చెప్పే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను మనవరాలు ధరణి రాస్తే, సలహా ఇచ్చిన ఊరివాళ్ల పేర్లన్నీ అందులో ఎక్కించింది ఆయనే.

రెండు గుజ్జు కంపెనీలు కలిసిపోయాక, ఆ సాఫ్ట్‌వేర్‌ను కొనేసి రైతుల దగ్గర రుసుము వసూలు చేయాలని వకీలును పంపాయి.

"అమ్మాలంటే అందులో పేరుండే వాళ్లంతా ఒప్పుకోవాలప్పా, అది మా కట్టుబాటు. ఫోన్‌లో నొక్కే బొత్తాం పచ్చగా ఉండాలన్న సిద్ధమ్మ కూడా" అన్నాడు మునస్వామి.

"నా పచ్చను నేనెందుకిస్తా నాయనా?" అంది మేకలు కాసే సిద్ధమ్మ.

వకీలు విసుగ్గా ఫోన్‌లో ఆ సాఫ్ట్‌వేర్‌ను చూసి, "ముందు ఈ అక్షరాలు పెద్దవి చేయండి" అన్నాడు.

ధరణి చేసింది. మునస్వామి వకీలు పేరు కూడా ఎక్కించాడు.

"సలహా ఇచ్చినావు గదా, ఇంక నువ్వూ ఒప్పుకోవాల సారూ."

వకీలు తన వకీలును అడిగి చెబుతానని వెళ్లాడు. ట్రాక్టర్లు ఉచితంగానే కదులుతున్నాయి.