డబ్బాలో తరగని బిళ్లలు

2008 వానాకాలంలో నన్ను వనపర్తిలో హెచ్ఐవీ పరీక్షా కేంద్రానికి కౌన్సెలర్‌గా వేశారు. రక్తపరీక్షకు ముందూ తర్వాతా మనిషితో మాట్లాడడం నా పని. ఆ ఏడు ఒక అధ్యయనం పని కూడా అప్పగించారు. మందు ఎన్నడూ వాడనివాళ్లలోనూ మందుకు లొంగకుండా మారిన వైరస్ ఉందేమో చూడాలి. అలాంటి వైరస్ ఇంకొకరి నుంచి రావచ్చు. అరకొరగా మందు మింగినా తయారుకావచ్చు. అందుకే, ఇదివరకు మందులు వాడారా అని ముందే అడగాలన్నది నియమం.

పాన్‌గల్ వైపు నుంచి బాలమణి, ఆమె భర్త కుర్మయ్య వచ్చారు. పేర్లు మార్చాను. ముంబైలో మేస్త్రీ పని చేసే కుర్మయ్య అక్కడే మందులు మొదలుపెట్టాడు. ఇక బాలమణికి మొదలుపెట్టాలి.

"ఎన్నడు మింగలే మేడం," అంది.

నాకు ఇంట్లోనే చదువు చెప్పిన మా అమ్మ, ఒకే ప్రశ్నను అటు తిప్పి ఇటు తిప్పి అడిగేది. ఆ అలవాటు కొద్దీ, మీ మందులు ఇంకెవరికైనా ఇచ్చారా అని కుర్మయ్యను అడిగాను.

"అబద్ధమెందుకు? ఇంటికొచ్చినప్పుడల్లా నేను మింగి, దీనికొకటి ఇస్తుంటి. నాకొక్కనికే బాగైతే ఏం ఫాయిద?"

అలా అప్పుడొకటి ఇప్పుడొకటి మింగి ఉంటే, ప్రభుత్వమిచ్చే మందులు ఆమెకు పనిచేయకపోవచ్చు. వేరే మందులు మా వైపు దొరికేవి కావు.

బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మింగితే గద! గీయన మొకం తిప్పంగనే మల్ల డబ్బలనే ఏస్తుంటి. ఈయనకు తక్కువైతయని."

కుర్మయ్య నోరు తెరిచాడు. "ఇద్దరం మింగినా తరుగుతలేవంటే కురుమూర్తి సామి దయ అనుకుంటి గదనే! కొబ్బరికాయ గూడ కొట్టిన!"

"కొట్టినవుగ. మంచిగ ఉండె, నేనే తిన్న."

మాతో పాటు పక్క బల్ల దగ్గర కూర్చున్న మా కేంద్రం డాక్టరుగారూ నవ్వారు. అయినా మాట ఒక్కటే చాలదు. రక్తపు చుక్కలను ప్రత్యేకమైన కార్డు మీద వేసి, నీడలో ఆరబెట్టి, తేమ పీల్చే పొట్లంతో కవరులో మూసి హైదరాబాదు ప్రయోగశాలకు పంపాం. వైరస్‌లో ఏ మార్పూ లేదని కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. ఆ సాయంత్రం స్వామికి నేనూ దీపం పెట్టుకున్నాను.

మందు మొదలుపెట్టిన రోజు కుర్మయ్య, "ఏదీ, నోరు తెరువు," అని చూసుకున్నాకే భార్యను బస్సుకు తీసుకెళ్లాడు.

రిటైరయ్యేదాకా నేను ఆ ప్రశ్నను రెండుగా అడిగాను: ఇచ్చారా అని ఒకరిని, మింగారా అని మరొకరిని.